4,299 రూపాయల రెడీమేడ్ డెలివరీ బ్యాగు: కొనాలా వద్దా?

కాన్పుకి హాస్పిటల్‌కి పట్టుకెళ్ళడానికి అన్నీ సర్ది అమ్మే బ్యాగు గురించి ఇది. ముందే చెప్పేస్తున్నా, ఐదుకి రెండు మార్కులు. అందులో ఒకటిన్నర బ్యాగు గుడ్డకీ జిప్పుకీ, మిగిలిన అర లోపలున్న ప్యాడ్లకి. కంపెనీ పేరు రాయడం లేదు. ఆన్‌లైన్‌లో వెతికితే ఇలాంటివి బోలెడు కనిపిస్తున్నాయి, అన్నిట్లోనూ దాదాపు అవే వస్తువులు, అదే లేత గులాబీ రంగు, తెల్లటి దుప్పటి మీద తల చెదరకుండా నవ్వుతున్న అదే బాలింత. బాలింత అలా ఉండదని ఇప్పుడు తెలుసు, అప్పుడు తెలీదు.

కొన్నది ఎనిమిదో నెల చివర్లో. ఆఫీసులో లీవు ఇంకా మొదలవ్వలేదు, అమ్మ సూర్యాపేట నుంచి ఇంకా రాలేదు. రాత్రి నిద్ర పట్టక ఫోన్ చూస్తుంటే ‘51 వస్తువులు, ఒకే బ్యాగు, ఇక టెన్షన్ వద్దు’ అని వచ్చింది. ఆ టెన్షన్ వద్దు అన్న మాటకే పడిపోయాను. మా ఆయన ఏమీ అనలేదు, ఆ రోజుల్లో నేను ఏం కొన్నా ఏమీ అనేవారు కాదు పాపం. అమ్మ మాత్రం ఫోన్‌లోనే మొదలుపెట్టింది, "బిడ్డ పుట్టకముందే కొత్త బట్టలు కొనొద్దంటే వినవు కదా నువ్వు, మొదట ఎవరైనా పిల్లలు వేసుకుని విడిచినవి వెయ్యాలి" అని. చాదస్తం అనుకుని ఊరుకున్నాను.

51 వస్తువుల లెక్క సంగతి చూడండి. ప్యాడ్లు పది, అంటే పది వస్తువులట. డైపర్లు పది, పాలు కారకుండా పెట్టుకునే బ్రెస్ట్ ప్యాడ్లు పన్నెండు, వాడి పారేసే ప్యాంటీలు ఐదు. ఇక్కడికే ముప్పై ఏడు అయిపోయాయి. మిగిలింది పద్నాలుగు. ఆ పద్నాలుగులో సాక్సు, చేతి తొడుగులు, టోపీ వేరు వేరుగా మూడు. అంటే మొత్తం కలిపి పద్దెనిమిది రకాలకి నేనిచ్చింది 4,299.

అయినా వచ్చిన రోజు భలే ముచ్చటేసింది. ప్రతిదీ టిష్యూ కాగితంలో చుట్టి, రిబ్బను కట్టి, చిన్న చిన్న జిప్పు పౌచుల్లో పెట్టారు, పౌచుల మీద మెలికలు తిరిగిన ఇంగ్లీషు అక్షరాలు. ఫొటోలు తీసుకున్నాను, మళ్ళీ అలాగే సర్దేసి మంచం పక్కన పెట్టేశాను. నా పెద్ద తప్పు అదే. విప్పలేదు, ఉతకలేదు, ఎందులో ఏముందో ఇంట్లో ఎవరికీ చూపించలేదు.

ముప్పై ఎనిమిదో వారంలో ఒక రాత్రి ఒంటిగంటన్నరకి ఉమ్మనీరు పోయింది. హాస్పిటల్‌కి వెళ్ళాం, తెల్లారేదాకా చూసి, బిడ్డ గుండె కొట్టుకోవడం తగ్గుతోంది, ఇక ఆగొద్దని ఆపరేషన్‌కి తీసుకెళ్ళారు. ఇకపైది నేను చూసింది కాదు, అమ్మ ఇప్పటికి ఇరవై సార్లు చెప్పింది కాబట్టి చూసినట్టే ఉంది. థియేటర్ తలుపు సగం తెరిచి సిస్టర్ తల బయటికి పెట్టి, "పాప పుట్టింది, మెత్తటి గుడ్డలు రెండు, ఒక జుబ్బా, టోపీ ఇవ్వండమ్మా, తొందరగా" అంది. అమ్మ కింద కూర్చుని బ్యాగు తీసింది. మొదటి పౌచులో చెప్పులు. రెండో దాంట్లో లోషను, పౌడరు. మూడో దాని రిబ్బను ముడి రాలేదు, పళ్ళతో లాగింది. అందులోంచి జుబ్బా వచ్చింది కానీ మెడ దగ్గర ప్లాస్టిక్ దారంతో ధర చీటీ వేలాడుతోంది, పైగా కొత్త గుడ్డ గంజి పెట్టినట్టు బిరుసు. సిస్టర్ ఇంకా అక్కడే నిలబడి ఉంది. మా ఆయనేమో ఫోన్‌లో నేను తీసిన ఫొటోలు వెతుకుతున్నారు, ఏ పౌచులో ఏముందో చూద్దామని. ఇక లాభం లేదని అమ్మ తను తెచ్చుకున్న గుడ్డ సంచిలో చెయ్యి పెట్టి, తన పాత నేత చీర చింపి ఉతికి మడతలు పెట్టిన ముక్కలు రెండు, మా వదిన కొడుకు విడిచిన జుబ్బా ఒకటి తీసి ఇచ్చేసింది. మా పాప ఈ లోకంలో మొదట తొడుక్కుంది అదే. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే.

నాకు అర్థమైంది ఏంటంటే, ఈ బ్యాగు మనం సర్దుతాం కానీ తెరిచేది మనం కాదు. మనం బల్ల మీద ఉంటాం. తెరిచేది అమ్మో, అత్తమ్మో, రాత్రంతా నిద్ర లేని మొగుడో, అదీ హాస్పిటల్ వరండాలో నేల మీద కూర్చుని. ఈ కంపెనీ వాళ్ళకి ఆ ఆలోచన రాలేదు. ఫొటో కోసం సర్దారు. మా అమ్మ రోజూ పేపరు మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదువుతుంది, ఆ మెలికల ఇంగ్లీషు మాత్రం ఆవిడ వల్ల కాలేదు. ఆ మాటకొస్తే ఒక పౌచు మీది అక్షరాలు నాకే అర్థం కాలేదు.

రెండో సమస్య, ఈ బ్యాగు మొత్తం మామూలు కాన్పు అవుతుందనే నమ్మకంతో సర్దింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లే. అది మంచిదా చెడ్డదా అన్న గొడవ వేరే, కానీ ఇక్కడ అమ్మే బ్యాగులో ఆ సంగతి గుర్తుండొద్దా? ఆ డిస్పోజబుల్ ప్యాంటీల ఎలాస్టిక్ సరిగ్గా కుట్ల మీదకి వచ్చింది. ఒకటి వేసుకుని పది నిమిషాల్లో కళ్ళ నీళ్ళు పెట్టుకుని తీసేశాను. బొడ్డు పైకి వచ్చే పాతకాలం కాటన్‌వి, మీ సైజు కన్నా ఒక సైజు పెద్దవి, అవి కొనుక్కోండి. ఇక ఆ నైటీ శాటిన్‌ది. నున్నగా జారిపోతుంది, చెమట పీల్చదు, పైగా తల మీద నుంచి తొడుక్కోవాలి, చేతికి సెలైన్ ఎక్కించే క్యాన్యులా ఉంటే ఆ సన్న చేతుల్లోంచి చెయ్యి ఎలా దూరుతుంది? ముందు జిప్పో గుండీలో ఉన్న వదులు కాటన్ నైటీలు, అదీ ముదురు రంగువి, నాలుగు పెట్టుకుంటే చాలు. లేత రంగులెందుకు వద్దో రెండో రోజుకి మీకే తెలుస్తుంది.

పాలసీసా విషయంలో మాత్రం నాకు నిజంగా కోపం వచ్చింది. బ్యాగులో ఒక పాలసీసా పెట్టారు, దాని మీద కుందేలు బొమ్మ. మన దేశంలో 1992 నుంచి చట్టం ఉంది, పాలసీసాలకీ పాలపొడి డబ్బాలకీ ప్రకటనలు ఇవ్వకూడదు, తల్లులకి శాంపిళ్ళు పంచకూడదు అని. కొత్త తల్లికి పాలు పడేదాకా ఉండే భయం అలాంటిది కాబట్టే ఆ చట్టం. మొదటి రోజు ముర్రుపాలు చుక్కలు చుక్కలుగానే వస్తాయి, పాప ఏడుస్తుంది, పక్కనే సీసా కనిపిస్తుంది, చూడ్డానికొచ్చిన వాళ్ళు "పాపం ఆకలేమో, డబ్బా పాలు పట్టించండి" అంటారు. మాకూ సరిగ్గా అదే జరిగింది. పెద్ద సిస్టర్ ఒకావిడ ఆ సీసా చూసి, "అది బ్యాగులో పెట్టెయ్యమ్మా, మళ్ళీ తియ్యకు" అని పాపని నా రొమ్ముకి ఆనించి అరగంట కూర్చుంది. ఆవిడకి ఐదుకి ఐదు. పౌడరు సంగతీ అంతే, ఊపిరితిత్తుల్లోకి పోతుంది వాడొద్దని పిల్లల డాక్టరు చెప్పారు. డబ్బా సీలు ఇంకా తీయలేదు. రెండూ వెనక్కి పంపిస్తానంటే బ్యాగులోంచి విడి వస్తువులు వెనక్కి తీసుకోవడం కుదరదని కస్టమర్ కేర్ వాళ్ళు మర్యాదగా చెప్పారు, మూడు సార్లు.

బాగున్నవి కూడా చెప్పాలి కదా. ప్యాడ్లు బాగున్నాయి, పొడుగ్గా, మెత్తగా ఉన్నాయి, కానీ పది ఏ మూలకి? రెండో రోజుకే మా ఆయన మెడికల్ షాపుకి పరిగెత్తారు. బేబీ టవల్ ఉతికాక బాగా మెత్తబడింది. చెప్పులు మంచివే, అయితే కుట్లు ఉన్నప్పుడు వంగి తొడుక్కోలేం, కాలు దూర్చేస్తే సరిపోయే రబ్బరు చెప్పులే నయం.

ఇక బ్యాగులో లేనివి. ఫ్లాస్కు లేదు. స్టీలు గ్లాసు, చెంచా లేవు. కాగితాలు పెట్టుకునే అర లేదు, అసలు అన్నిటికన్నా ముందు హాస్పిటల్ వాళ్ళు అడిగేవి అవే. స్కాన్ రిపోర్టులు, బ్లడ్ గ్రూపు కాగితం, ఇద్దరి ఆధార్, ఇన్సూరెన్స్ కార్డు. మా ఆయన ఇన్సూరెన్స్ కౌంటర్ దగ్గర నిలబడి పాన్ కార్డు ఫొటో కోసం ఫోన్ అంతా గాలించారు. జిరాక్స్‌లు ఒక ప్లాస్టిక్ ఫైల్లో పెట్టి బ్యాగులో అన్నిటికన్నా పైన ఉంచండి. ప్లగ్గు మంచానికి ఎప్పుడూ దూరమే కాబట్టి పొడుగు వైరు ఛార్జరు కూడా. తోడు ఉండేవాళ్ళకి ఒక దుప్పటి, ఒక జత బట్టలు. మా అమ్మ మూడు రాత్రులు ఒక కుర్చీలో శాలువా కప్పుకుని పడుకుంది, ఏసీ ఆపమంటే ఆగదు. 51 వస్తువుల్లో ఆవిడ కోసం ఒక్కటీ లేదు.

ఇంకోటి, బ్యాగు కొనే ముందు మీ హాస్పిటల్‌ని అడగండి, వాళ్ళేం ఇస్తారు, వాళ్ళేం తప్పనిసరి అంటారు అని. నేను అడగలేదు. డిశ్చార్జి రోజు బిల్లులో ‘బేబీ కిట్’ అని ఒక లైను, 1,850. చూస్తే అందులో మళ్ళీ అవే డైపర్లు, అవే వైప్స్, అదే టోపీ. వద్దని చెప్పే అవకాశమే రాలేదు, ఎవరో వచ్చి మంచం పక్కన పెట్టి వెళ్ళారట. నేను మత్తులో ఉన్నాను.

మా చిన్నమ్మ కూతురికి 2018లో సర్కారు దవాఖానాలో కాన్పు అయింది, అప్పుడు కేసీఆర్ కిట్ ఇచ్చారు. 2017 జూన్‌లో మొదలైన పథకం అది, 16 రకాల వస్తువులు, దాదాపు 2,000 రూపాయల విలువ అని చెప్పేవారు. చీరలు, తువ్వాలు, దోమతెర, చిన్న పరుపు, సబ్బులు, నూనె, పిల్లల బట్టలు, డైపర్లు, బొమ్మలు. దానితోపాటు విడతలవారీగా మగపిల్లాడైతే 12,000, ఆడపిల్ల అయితే 13,000. అప్పట్లో దాన్ని చూసి నేను పెద్దగా పట్టించుకోలేదు. ఇప్పుడు నా గులాబీ బ్యాగుని పక్కన పెట్టి చూస్తే, ఆ కిట్ సర్దినవాళ్ళకి ఇంట్లో బిడ్డ ఎలా పెరుగుతుందో తెలుసనిపిస్తుంది. దోమతెర పెట్టాలని వీళ్ళకి తట్టలేదు, సువాసన కొవ్వొత్తి మాత్రం పెట్టారు. అవును, కొవ్వొత్తి. హాస్పిటల్లో.

నాలుగో రోజు మా ఆయన కోఠి సుల్తాన్ బజార్‌కి వెళ్ళి ముందు కట్టుకునే కాటన్ జుబ్బాలు ఆరు, ముక్కోణం నాప్కిన్లు పన్నెండు, కింద పరిచే రబ్బరు షీట్లు రెండు, ఒక ఉన్ని టోపీ తెచ్చారు. అన్నీ కలిపి పదకొండు వందలు, బేరం ఆడటం ఆయనకి రాదు కాబట్టి మీకు ఇంకా తక్కువకే వస్తాయి. అమ్మ చీర ముక్కలకి ఏ ఖర్చూ లేదు, ఇరవై ఉన్నాయి, అయినా చాలలేదు, పాప అంత తడిపేది. కొత్తవి ఏవి కొన్నా రెండు సార్లు ఉతికి, ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేసి, అమ్మ చూస్తుండగా బ్యాగులో పెట్టండి. పాపవి ఒక కవరులో, మీవి ఇంకో కవరులో, పైన తెలుగులో పెద్ద అక్షరాలతో రాసేయండి. వీలైతే లోపలున్నది బయటికి కనిపించే కవర్లు.

మరి ఈ బ్యాగు కొనాలా? ఎవరైనా బహుమతిగా ఇస్తే తీసుకోండి, వచ్చిన రోజే రిబ్బన్లన్నీ పీకేయండి. మీ డబ్బుతో అయితే వద్దు. ఊళ్ళో ఎవరూ లేక, తోడు ఎవరూ రాక, తిరగలేని స్థితిలో ఉన్నవాళ్ళకి కొంచెం పనికొస్తుందేమో, అప్పుడు కూడా చిన్న సైజు కిట్ 1,999ది తీసుకుని నైటీలు వేరే కొనుక్కోండి.

జిప్పుకి ఒకటిన్నర ఎందుకిచ్చానో చెప్పలేదు కదా. బ్యాగు ఇప్పుడు మా దగ్గర లేదు, అమ్మ సూర్యాపేటకి పట్టుకెళ్ళింది. పోయిన వారం వచ్చినప్పుడు అందులో రెండు ఆవకాయ సీసాలు, బాలింతకని చేసిన నువ్వులుండల డబ్బా, అయిదు కిలోల బియ్యం పెట్టుకుని బస్సులో నిలబడే వచ్చింది. ఒక్క కుట్టు ఊడలేదు.