కుక్క పళ్ళు తోమే ఎంజైమ్ పేస్టు, చిన్న తల బ్రష్: ఐదేళ్ళ వాడకం తర్వాత

మా చిట్టి తొమ్మిదేళ్ళ స్పిట్జ్. 2020 చివర్లో దాని నోటి వాసన భరించలేనంతగా మారితే పశువైద్యుల దగ్గరకు తీసుకెళ్ళాను. ఆయన పై పెదవి ఎత్తి చూపించారు: దవడ పళ్ళ మీద గోధుమరంగు గార పెచ్చుకట్టి, దాని అంచున చిగురు ఎర్రగా ఉబ్బి ఉంది. మత్తు ఇచ్చి గార తీశారు. అప్పటికే కదులుతున్న రెండు పళ్ళను పీకవలసి వచ్చింది. ఉన్న 42 పళ్ళలో రెండు నాలుగేళ్ళకే పోయాయన్న బాధ నాకు ఇంకా ఉంది. గాయం మానిన నాటి నుంచి రోజూ రాత్రి తోముతున్నాను.

మొదట కొన్నది వేలికి తొడుక్కునే సిలికాన్ బ్రష్. కుక్కపిల్లకు నోట్లో చెయ్యి పెట్టనివ్వడం అలవాటు చేయడానికి అది చాలు, అంతకు మించి పనికిరాదు. దాని బుడిపెలు మొద్దుగా ఉండడం వల్ల పాచి అసలు చేరే చోటికి, అంటే పంటికీ చిగురుకూ నడుమ ఉన్న సన్నని సందులోకి, అవి పోవు. ఆరు నెలల తర్వాత కోరపళ్ళు తెల్లగానే ఉన్నాయి గానీ, పై దవడలోని పెద్ద పన్ను మీద పసుపు చార మళ్ళీ మొదలైంది. లాలాజల నాళం ఒకటి సరిగ్గా ఆ పన్ను దగ్గరే తెరుచుకుంటుంది కనుక గార ముందుగా పట్టేది అక్కడే. పసిపిల్లల కోసం అమ్మే, తల చిన్నగా, కుచ్చు మెత్తగా ఉండే బ్రష్‌కు మారిన తర్వాతే ఆ చార ఆగింది.

నోరు తెరిపించనక్కరలేదని తెలియక మొదటి నెలంతా చిట్టినీ నన్నూ నేను అవస్థ పెట్టాను. నోరు మూసే ఉంచి, బొటనవేలితో పెదవిని మాత్రం పైకి లేపి, కుచ్చును చిగురు వైపు కొంచెం ఏటవాలుగా ఆనించి బయటి వైపు చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు తోమితే చాలు. రెండు వైపులా కలిపి ఒకటిన్నర నిమిషం పడుతుంది.

పేస్టు గ్లూకోజ్ ఆక్సిడేజ్, లాక్టోపెరాక్సిడేజ్ అనే ఎంజైములు ఉన్నది, కోడిమాంసం రుచిది. బఠాణీ గింజంత పెడితే 70 గ్రాముల ట్యూబు నాలుగైదు నెలలు వస్తుంది. నా అనుభవంలో దాని మేలులో ఎక్కువ భాగం రుచిదే: చిట్టి కదలకుండా కూర్చునేది దాని కోసమే, పాచిని వదిలించేది కుచ్చు రాపిడి. పేస్టును కుచ్చు లోపలికి వేలితో అదమాలి, పైన వదిలేస్తే ఒక్క నాకుడుకు పోతుంది. మనం వాడే పేస్టు మాత్రం ఎన్నడూ పెట్టవద్దు. కుక్క ఉమ్మదు, అంతా మింగుతుంది; మన పేస్టులు కొన్నింటిలో ఉండే జైలిటాల్ అనే తీపి పదార్థం దాని రక్తంలో చక్కెరను ప్రమాదకరంగా పడగొడుతుంది.

2023లో మా అమ్మాయి పురిటికి వెళ్ళి చిట్టిని మూడు వారాలు వేరేచోట వదలవలసి వచ్చింది. అక్కడ తోమలేదు. తిరిగొచ్చిన రాత్రి బ్రష్ కుచ్చు గులాబీ రంగుకు తిరిగింది. చిగుళ్ళు అంత త్వరగా పాడవుతాయని నేను అనుకోలేదు. పాచి రెండు మూడు రోజుల్లోనే గట్టిపడి గార కావడం మొదలవుతుంది కాబట్టి వారానికి ఒకసారి తోమడం వల్ల పెద్దగా ప్రయోజనం లేదు. గట్టిపడిన గారను బ్రష్ తీయలేదు. ఒక గ్రూమింగ్ దుకాణంలో మత్తు లేకుండా కొక్కెంతో గీకిస్తే చిగురు చీరుకుపోయింది, చిగురు కిందున్న గార అలాగే మిగిలింది. అది మళ్ళీ చేయించను.

నీళ్ళలో కలిపే ద్రవం రెండు సీసాలు వాడాను, తేడా కనిపించలేదు. గట్టి ఎముకలు పళ్ళను చీలుస్తాయని వైద్యులు చెప్పినప్పటి నుంచి వాటిని ఇవ్వడం మానేశాను.

ఏటా పరీక్ష చేయిస్తున్నాను. ఈ ఐదేళ్ళలో మరో పన్ను పోలేదు, మళ్ళీ మత్తు ఇవ్వవలసిన అవసరం రాలేదు. కింది పళ్ళ లోపలి వైపు మాత్రం చిట్టి ఇప్పటికీ బ్రష్‌ను రానివ్వదు. అక్కడ పలుచగా గార ఉందని మొన్నటి పరీక్షలో చెప్పారు. ప్రస్తుతానికి వేలికి తడి గాజుగుడ్డ చుట్టి తుడుస్తున్నాను.