కడపలో ‘వారంలో తెలుపు’ క్రీములు కొనేవారికి జాగ్రత్త హెచ్చరిక

కడపలోని ఒక ఫ్యాన్సీ అంగడిలో మా అక్క కూతురు కొన్న ముఖం క్రీము వల్ల జరిగిన నష్టాన్ని, అలాంటిదే కొనబోయేవారికి ముందుగా తెలియాలని రాస్తున్నాను. డబ్బా మీద తయారీదారు చిరునామా గానీ, లైసెన్సు సంఖ్య గానీ, పదార్థాల జాబితా గానీ లేవు. తళతళలాడే ఒక అమ్మాయి ముఖం మాత్రం ఉంది. బిల్లు అడిగినా ఇవ్వలేదు.

మొదట్లో రంగు నిజంగానే తేలింది. అసలు మోసం అక్కడే ఉంది. పూయడం మానిన కొద్ది రోజులకే ముఖం ఎర్రబడి, ఎండ తగిలితే మంట పుట్టి, మొటిమలతోపాటు చెంపలపై సన్నని వెంట్రుకలు కూడా మొలిచాయి. ఇది స్టిరాయిడ్ కలిసిన క్రీము చేసే పనేనని చర్మవ్యాధుల వైద్యురాలు చెప్పారు. బెటామెథసోన్, క్లోబెటసాల్ వంటి స్టిరాయిడ్లు రక్తనాళాలను కుదించి, చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను తగ్గించి చర్మాన్ని కొంతకాలం తెల్లగా చూపుతాయి. వాడకం ఆగగానే అణగి ఉన్న వాపు మరింతగా తిరగబడుతుంది. ఇలాంటి పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకుండా 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. కొన్ని క్రీముల్లో పాదరసమూ ఉంటుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో ఇలాంటివి వాడినవారికి మూత్రపిండాల జబ్బు బయటపడింది.

చామనఛాయలో చక్కగా ఉన్న పిల్లకు ఆ డబ్బా ఎందుకు అవసరమైంది? పెళ్లిచూపుల భయం కొంత, రీల్స్ కొంత. ఫోను ఫిల్టరుతో, దీపాల వెలుగుతో తీసిన ‘ముందు, తర్వాత’ బొమ్మలను ఆమె నిజమనుకుంది. మన దేశంలో 1975లో వచ్చిన ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ వంటి ఫేర్‌నెస్ క్రీముల ప్రకటనలు ఆడపిల్లకు తెలుపు వస్తేనే పెళ్లి, ఉద్యోగం అన్నాయి. 2005 నుంచి మగవారికి వేరే డబ్బా వచ్చింది, అక్కడ అదే తెలుపును మగతనంగా అమ్మారు. నల్లనివారిని దిగులుగా, తక్కువగా చూపరాదని ప్రకటనల ప్రమాణాల మండలి 2014లో నియమం పెట్టింది. 2020లో ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ పేరులోంచి ‘ఫెయిర్’ అన్న మాట పోయి ‘గ్లో’ వచ్చింది గానీ, ప్రకటనల్లోని ముఖాల రంగు పెద్దగా మారలేదు.

ఇప్పటికే వాడుతున్నవారు ఒక్కసారిగా మానేయకుండా చర్మవైద్యులను కలవండి. డబ్బా పారేయకండి, బిల్లు ఉంటే దాచండి. జిల్లా ఔషధ నియంత్రణ అధికారులకు గానీ, వినియోగదారుల సహాయ సంఖ్య 1915కు గానీ ఫిర్యాదు చేయవచ్చు. మేము డబ్బాతో పాటు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాము.