క్రూజ్ షిప్‌లోకి డ్రింక్స్ వెంట తీసుకెళ్లాలా, లోపలే కొనాలా? ఏది మేలు?

క్రూజ్ టికెట్ ధరలో గది, భోజనం చాలావరకు కలిసే ఉంటాయి. కూల్‌డ్రింకులు, బీరు, వైన్, కాక్‌టెయిల్స్ మాత్రం చాలా కంపెనీల్లో విడి ఖర్చు. చివరి రోజు బిల్లు చూసి గుండె గుభేల్‌మనేది ఎక్కువగా వీటివల్లే. అందుకే 'మనవే పట్టుకెళ్తే పోలా?' అన్న ఆలోచన అందరికీ వస్తుంది.

దారులు నాలుగున్నాయి. కంపెనీ ఒప్పుకున్నంత వెంట తీసుకెళ్లడం, రోజుకింత అని డ్రింక్ ప్యాకేజ్ కొనడం, ఏ గ్లాసుకు ఆ గ్లాసు డబ్బు కట్టడం, ఎవరికీ తెలియకుండా దాచి తీసుకెళ్లడం. నా ఓటు మొదటిదానికీ మూడోదానికీ కలిపి. ప్యాకేజ్ చెడ్డదేమీ కాదు గానీ, కొనేవాళ్లలో చాలామందికి అంత అవసరం ఉండదు.

ముందు ఏం తీసుకెళ్లనిస్తారో చూద్దాం, ఎందుకంటే ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. కార్నివాల్, రాయల్ కరీబియన్, ప్రిన్సెస్, హాలండ్ అమెరికా లాంటి చోట్ల ప్రయాణం మొదలయ్యే రోజున పెద్దవాళ్లు తలా ఒక 750 మిల్లీలీటర్ల వైన్ లేదా షాంపేన్ సీసా తీసుకెళ్లవచ్చు, సీలు తీయకుండా. అమెరికా నుంచి బయలుదేరే షిప్పుల్లో పెద్దవాళ్లంటే 21 ఏళ్లు నిండినవాళ్లు. బీరు, విస్కీ, రమ్ము మాత్రం తీసుకెళ్లనివ్వరు. డిస్నీ వాళ్లు కాస్త ఉదారం: తలా రెండు వైన్ సీసాలు లేదా ఆరు బీర్లు, అదీ ఎక్కే రోజునే కాదు, మధ్యలో ఆగే ప్రతి పోర్టులోనూ. వైకింగ్ సముద్ర నౌకల్లో అయితే ఏదైనా తెచ్చుకోవచ్చు, సీసా తెరిచినందుకు ఫీజు కూడా ఉండదు. నార్వేజియన్ తీరు వేరు. అక్కడ వైన్ సీసాల సంఖ్యకు పరిమితి లేదు కానీ ప్రతి సీసాకూ కార్కేజ్ ఫీజు (మనం తెచ్చిన సీసా తెరిచినందుకు తీసుకునేది) కట్టాలి, గదిలో తాగినా సరే. 750 మిల్లీలీటర్లకు 15 డాలర్లు, లీటరున్నర సీసాకు 30. ఈ ఫీజులూ పరిమితులూ అప్పుడప్పుడు మారుతుంటాయి కాబట్టి ప్రయాణానికి వారం ముందు కంపెనీ సైట్‌లో ఓసారి చూసుకోండి.

సీసా తీసుకెళ్తే నిజంగా మిగులుతుందా అన్నది దాన్ని ఎక్కడ తాగుతారన్న దాన్ని బట్టి ఉంటుంది. ప్రిన్సెస్‌లో ఆ ఒక్క సీసాను గదిలోనే తాగితే ఏమీ కట్టక్కర్లేదు, డైనింగ్ రూమ్‌కు తీసుకెళ్తే 20 డాలర్ల కార్కేజ్. కార్నివాల్‌లో డైనింగ్ రూమ్‌కు 15. ఆ ఫీజు కట్టినా నష్టమేమీ లేదు. ఒక 750 మిల్లీలీటర్ల సీసాలో అయిదు గ్లాసులు వస్తాయి. షిప్‌లో గ్లాసు వైన్ 13 డాలర్లు, దానిమీద 18 శాతం సర్వీస్ చార్జీ అనుకుందాం. అయిదు గ్లాసులకు దాదాపు 77 డాలర్లు. బయట 15 డాలర్లకు కొన్న సీసాకు 15 కార్కేజ్ కలిపినా 30లో తేలిపోతుంది. భార్యాభర్తలిద్దరూ చెరో సీసా తీసుకెళ్తే పది గ్లాసులు. రాత్రి భోజనంతో ఒక గ్లాసు చాలనుకునేవాళ్లకు ఏడు రాత్రుల ప్రయాణంలో సగం పైగా గడిచిపోతుంది. బాల్కనీ గది తీసుకున్నవాళ్లయితే ఫీజు గొడవే లేకుండా అక్కడే కూర్చుని తాగొచ్చు.

ఇక ప్యాకేజ్. దీన్ని అమ్మేటప్పుడు 'ఎంతైనా తాగండి' అన్నట్టు వినిపిస్తుంది గానీ, లోపల కొన్ని మెలికలున్నాయి. కార్నివాల్ చీర్స్ ప్యాకేజ్‌లో 24 గంటలకు 15 మద్యం గ్లాసులే. (అంత తాగేవాళ్లకు డబ్బు కంటే పెద్ద సమస్యలే ఉంటాయి, అది వేరే సంగతి.) నాకు అసలు మెలిక అనిపించేది మరొకటి. కార్నివాల్, రాయల్ కరీబియన్ లాంటి కంపెనీల్లో ఒకే గదిలో ఉన్న పెద్దవాళ్లలో ఒకరు మద్యం ప్యాకేజ్ కొంటే మిగతావాళ్లూ కొనాల్సిందే. ఒకరు తాగి, ఇంకొకరు తాగని జంట ఇక్కడే ఇరుక్కుంటుంది. పైగా ప్రయాణంలోని మొత్తం రోజులకు కొనాలి. షిప్ పోర్టులో ఆగిన రోజున పొద్దున దిగి సాయంత్రం ఎక్కేవాళ్లు ఆ రోజుకు కూడా పూర్తి డబ్బు కట్టినట్టే. ఏడు రోజుల్లో నాలుగు పోర్టులుంటే సగం పైగా రోజులు అలాగే పోతాయి.

లెక్క తేల్చుకోవడానికి ఒక సులువు మార్గముంది. ప్యాకేజ్ రోజు ధరను మీరు మామూలుగా తాగే డ్రింక్ ధరతో భాగించండి. రెండింటి మీదా సర్వీస్ చార్జీ ఒకేలా పడితే దాన్ని పక్కన పెట్టేయొచ్చు. ప్యాకేజ్ రోజుకు 70 డాలర్లు, కాక్‌టెయిల్ 14 డాలర్లు అనుకుంటే రోజుకు అయిదు తాగితే గానీ డబ్బు గిట్టదు. బీరు ఎనిమిది డాలర్లయితే తొమ్మిది కావాలి. అదీ ఒకరోజు కాదు, ఎక్కిన రోజు నుంచి దిగే దాకా రోజూ. సముద్రంలోనే ఎక్కువ రోజులుండే ప్రయాణం, పొద్దున స్పెషాలిటీ కాఫీ, మధ్యాహ్నం పూల్ దగ్గర రెండు, రాత్రి భోజనంతో వైన్, తర్వాత షో దగ్గర మరొకటి, గదిలో ఇద్దరూ ఇదే అలవాటు ఉన్నవాళ్లు: వీళ్లకు ప్యాకేజ్ బాగా గిడుతుంది. గ్లాసు గ్లాసుకూ ధర చూసుకునే టెన్షన్ లేకపోవడం కూడా ఒక సుఖమే, కాదనను.

మద్యం ముట్టనివాళ్లకు సమాధానం ఇంకా తేలిక. నీళ్లు, టీ, మామూలు కాఫీ, బఫేలో నిమ్మరసం లాంటివి చాలా షిప్పుల్లో ఉచితమే. సోడాలు కావాలంటే కార్నివాల్‌లో తలా 12 డబ్బాలు తీసుకెళ్లనిస్తారు, ఒక్కోటి 355 మిల్లీలీటర్లకు మించకూడదు. ప్లాస్టిక్ సీసాలు, గాజు సీసాలు కుదరవు. రాయల్ కరీబియన్‌లోనూ తలా 12కు అనుమతుంది. రోజుకు ఒకటి, అప్పుడప్పుడు రెండు కూల్‌డ్రింకులు తాగేవాళ్లు సోడా ప్యాకేజ్ జోలికి వెళ్లక్కర్లేదు, ఏడు రోజులకు ఈ 12 చాలు. నార్వేజియన్‌లో మాత్రం 2017 నుంచి నీళ్ల సీసాలు, సోడాలు వెంట తేనివ్వడం లేదు. వైద్య అవసరానికి డిస్టిల్డ్ వాటర్, పసిపిల్లల పాలకు మినహాయింపు ఉంది.

నీళ్ల కేసులు మోసుకెళ్లడం మాత్రం వద్దేవద్దు. షిప్‌లో కుళాయి నీళ్లు చాలావరకు సముద్రపు నీటిని ఆవిరి చేసో, రివర్స్ ఆస్మోసిస్‌తో శుద్ధి చేసో, క్లోరిన్ కలిపి ఇచ్చేవి. అమెరికా పోర్టులకు వచ్చే షిప్పుల్లో ఈ క్లోరిన్ మోతాదును కూడా అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ తనిఖీ చేస్తుంది. రుచి కొంచెం తేడాగా అనిపించవచ్చు, తాగడానికి భయం లేదు. ఒక ఖాళీ సీసా తీసుకెళ్లి బఫే దగ్గర నింపుకుంటే సరిపోతుంది.

కార్నివాల్ 2015లో సీసా నీళ్లు తేవడం ఆపేసిన కారణం తెలిస్తే నాలుగో దారి మీద ఆశ తగ్గుతుంది. నీళ్ల సీసాల్లో వోడ్కా నింపి తెచ్చేవాళ్లు ఎక్కువైపోయారు, ప్రతి సామానూ విప్పి చూడాల్సి వచ్చి ఎక్కడం ఆలస్యమయ్యేది. మౌత్‌వాష్ సీసాలు, షాంపూ సీసాల్లాంటి ఫ్లాస్కులు, మడిచే ప్లాస్టిక్ సంచులు, ఇవన్నీ సెక్యూరిటీవాళ్లు ఎప్పుడో చూసేశారు. పెద్ద సూట్‌కేసులు కూడా ఎక్స్-రే గుండానే వెళ్తాయి. అనుమానం వచ్చిన పెట్టె గదికి రాదు. మిమ్మల్నే పిలిచి విప్పించి, సరుకు తీసేస్తారు. అలా పట్టుకున్నది చాలా చోట్ల తిరిగి ఇవ్వరు. ఒక రమ్ము సీసా మీద మిగిలే డబ్బు కోసం వెకేషన్ మొదటి సాయంత్రం సెక్యూరిటీ గదిలో సంజాయిషీ చెప్పుకోవడం దండగ.

పోర్టుల్లో సీసాలు కొనుక్కోవడం దీనికంటే నయం, తప్పు కూడా కాదు. అయితే చాలా కంపెనీలు వాటిని ఎక్కేచోటే తీసుకుని, చివరి రాత్రో దిగే పొద్దునో ఇస్తాయి. షిప్‌లోని డ్యూటీ ఫ్రీ దుకాణంలో కొన్న సీసాలదీ అదే పద్ధతి. అంటే అవి ఇంటికి పనికొస్తాయి గానీ ప్రయాణంలో తాగడానికి కాదు. తాగాలనుకుంటే పోర్టులో దిగినప్పుడే ఒక చోట కూర్చుని తాగి రావడం మేలు, షిప్ ధర కంటే చవకగా దొరికే ఊళ్లు చాలానే ఉంటాయి.

అనుమతి ఉన్న వైన్ సీసాను హ్యాండ్ బ్యాగ్‌లోనే పెట్టుకోండి, పోర్టర్‌కు ఇచ్చే సూట్‌కేస్‌లో పెడితే అదే ఆగిపోతుంది. విమానంలో వెళ్లి షిప్ ఎక్కేవాళ్లకు ఇది తలకిందులు: చాలా ఎయిర్‌పోర్టుల్లో 100 మిల్లీలీటర్లకు మించిన ద్రవం క్యాబిన్ బ్యాగ్‌లో కుదరదు కాబట్టి అక్కడ సీసా సూట్‌కేస్‌లోకి వెళ్లాలి, పోర్టుకు చేరాక హ్యాండ్ బ్యాగ్‌లోకి మారాలి. ఈ తిప్పలకంటే షిప్ బయలుదేరే ఊళ్లోనే, ముందురోజు సాయంత్రం కొనుక్కోవడం హాయి. కార్క్ తీసే పరికరం గురించి బెంగ వద్దు, గది చూసుకునే స్టీవార్డ్‌ను అడిగితే తెచ్చిస్తారు.