అనకొండ కొన్నాను, వంటిల్లు లేదు

2020 లాక్‌డౌన్‌లో టైంపాస్‌కని ఎలీట్ డేంజరస్ అనే వీడియో గేమ్ మొదలుపెట్టాను, అంతరిక్షంలో ఓడలు నడిపే ఆట. ఇప్పటికి 1,400 గంటలు దాటాయి. యుద్ధాలు, వ్యాపారం, గ్రహాంతరవాసుల గొడవ గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి వాటి జోలికి పోను. నేను చెప్పేది ఓడల సైజు గురించి. కాగితం మీద వాటి పొడవెంత, ఆడేటప్పుడు ఆ పొడవు మనకు ఎక్కడ తగులుతుంది, అన్ని కోట్లు పోసి కొన్నాక లోపల మనకు దక్కే చోటెంత.

కోట్లు అన్నది మాటవరసకు కాదు. అనకొండ అనే ఓడ ధర దాదాపు 14.7 కోట్ల క్రెడిట్లు, అంటే ఆటలోని డబ్బు. మొదట్లో మన చేతిలో పెట్టే సైడ్‌విండర్ ధర 32 వేలు. అక్కడి నుంచి ఇక్కడికి రావడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. కొన్న రోజు రాత్రి అమ్మను పిలిచి చూపించాను. "152 మీటర్లమ్మా, అన్నిటికన్నా పెద్ద విమానాలు రెండు ఒకదాని వెనక ఒకటి నిలబెట్టినంత" అన్నాను. అమ్మ కళ్లజోడు సర్దుకుని కాసేపు చూసింది.

"బానే ఉంది గానీ, వంటిల్లు ఎక్కడరా?"

నా దగ్గర జవాబు లేదు. వంటిల్లు సంగతి దేవుడెరుగు, కాక్‌పిట్ తప్ప ఇంకో గది చూపించమన్నా చూపించలేను.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. కేంబ్రిడ్జ్‌లోని ఫ్రాంటియర్ కంపెనీ ఈ ఆటను 2014 డిసెంబర్‌లో విడుదల చేసింది. దీని తాత 1984 నాటి ఎలీట్. డేవిడ్ బ్రాబెన్, ఇయాన్ బెల్ అనే ఇద్దరు రాసింది. సైడ్‌విండర్, కోబ్రా, పైథాన్, అనకొండ అన్న పేర్లన్నీ ఆ కాలం నుంచి వస్తున్నవే. అప్పట్లో ఓడంటే నల్లటి తెర మీద కొన్ని గీతలు, అంతే. గీతల బొమ్మకు లోపల ఏముందని ఎవరూ అడగరు. ఇప్పుడు అదే అనకొండకు ఇనుము, అద్దం, గీరుకుపోయిన పెయింటు అన్నీ వచ్చాయి. అన్నీ వచ్చాయి కాబట్టే ఆ ప్రశ్న వస్తుంది.

సైడ్‌విండర్ దగ్గర మొదలుపెడతాను. అందరూ దాన్ని ఆటోరిక్షాలా చూస్తారు, నేనూ అంతే. ముందు అద్దం, రెండు పక్కలా ప్యానెళ్లు, కాళ్లు చాపుకోను కూడా చోటు లేనట్టు ఉంటుంది. ఏడాదిపాటు దాన్ని చిన్న బండి అనే అనుకున్నాను. 2021 మేలో ఒడిస్సీ అనే ఎక్స్‌పాన్షన్, అంటే ఆటకు అదనపు భాగం వచ్చి, ఓడ దిగి నడిచే వీలు కలిగింది. పాత సైడ్‌విండర్‌ను ఒక చిన్న గ్రహం మీద దింపి, కిందికి దిగి వెనక్కి తిరిగి చూశాను. నా తల దాని పొట్టకు కూడా అందలేదు. పొడవు 15 మీటర్లు, వెడల్పు 21 మీటర్లు. మన పాత నీలం రంగు రైలు బోగీ పొడవు కూడా దాదాపు అంతే. అంటే నేను ఒక బోగీని అడ్డంగా నడుపుతూ ఆటో అనుకున్నానన్నమాట.

ఈ ఆటలో సైజు విషయంలో ఉన్న చిక్కంతా ఇదే. అంతరిక్షంలో పక్కన చెట్టు ఉండదు, మనిషి ఉండడు, కరెంటు స్తంభం ఉండదు. గ్రహాలు అసలు కొలతల్లోనే ఉంటాయి కాబట్టి వాటి పక్కన మన ఓడ ఎంత పెద్దదైనా చీమే. సైజు తెలిసేది ఇరుకులోనే. ఆ ఇరుకు పేరు మెయిల్ స్లాట్. గుండ్రంగా తిరుగుతూ ఉండే స్టేషన్‌కు పోస్టుడబ్బా నోరులాంటి ద్వారం ఒకటుంటుంది. ఎంత పెద్ద ఓడైనా అందులోంచే లోపలికి పోవాలి. కోబ్రా అయితే 27 మీటర్ల పొడవు, కళ్లు మూసుకుని దూర్చేయొచ్చు. నాకు ఆ అలవాటే కొంప ముంచింది. అనకొండలో మనం కూర్చునే చోటు ముక్కు దగ్గర ఉండదు, బాగా వెనక్కి, పైన ఉంటుంది. ముక్కు మన ముందు పొలం గట్టులా పొడుగ్గా సాగి ఉంటుంది. మొదటిసారి కోబ్రాను తెచ్చినట్టే తెచ్చాను. ముక్కు లోపలికి పోయింది, నాకు బాగానే కనిపిస్తోంది, ఇంతలో తలమీద గర్రున రాపిడి. షీల్డు ఉంది కాబట్టి సరిపోయింది. ఓడ పోతే దాని విలువలో 5 శాతం కట్టి మళ్లీ తెచ్చుకోవాలి, అంటే 70 లక్షల పైమాట. అంత డబ్బు ఆ రోజు నా దగ్గర లేదు. కాసేపు చెయ్యి వణికింది. 152 మీటర్లంటే ఏంటో నాకు అర్థమైంది ఆ రాపిడిలోనే, కొనేటప్పుడు చూసిన అంకెలో కాదు.

ల్యాండింగ్ ప్యాడ్లు మూడు రకాలు: చిన్నవి, మీడియం, పెద్దవి. ఔట్‌పోస్ట్ అనే చిన్న స్థావరాల్లో పెద్ద ప్యాడ్ ఉండదు. అందుకని వ్యాపారం చేసేవాళ్లకు ఓడ పొడవు కన్నా ఏ ప్యాడ్ మీద దిగుతుందన్నదే ముఖ్యం. ఇక్కడే టైప్-7 అనే సరుకు ఓడ గురించి నవ్వాలో ఏడవాలో తెలియదు. పైథాన్ 88 మీటర్లు, మీడియం ప్యాడ్ మీద దర్జాగా కూర్చుంటుంది. టైప్-7 దానికన్నా పొట్టి, 82 మీటర్లే, వెడల్పు కూడా తక్కువే. కానీ ఎత్తు 25 మీటర్లు. ఆ ఎత్తు వల్ల పెద్ద ప్యాడ్ కావాలి. సరుకు రెండింటిలో ఇంచుమించు అంతే పడుతుంది, 300 టన్నులకు అటూ ఇటూ. బీరువా అన్నిటికీ సరిపోయి గుమ్మం దగ్గర ఇరుక్కున్నట్టు. 2024లో టైప్-8 వచ్చాక మీడియం ప్యాడ్ మీదే 400 టన్నుల దాకా పడుతోంది కాబట్టి ఆ బాధ కొంత తీరింది.

పెద్ద ఓడ అన్నంత మాత్రాన బరువు కూడా అదే లెక్కలో ఉంటుందనుకోకండి. అనకొండ ఖాళీ హల్, అంటే ఏ సామానూ బిగించని ఒట్టి ఓడ, 400 టన్నులు. 167 మీటర్ల ఫెడరల్ కార్వెట్‌ది 900. 88 మీటర్ల పైథాన్‌ది 350. మన లోకంలో ఎయిర్‌బస్ ఎ380 పొడవు 73 మీటర్లు, ఖాళీ బరువే దాదాపు 277 టన్నులు. అది గాల్లో ఎగరడానికి వీలైనంత తేలిగ్గా చేసిన విమానం. దానికి రెండింతల పొడవున్న అనకొండ 400 టన్నులేంటి? లోపల గోడలు అట్టతో కట్టారేమోనని మా మిత్రుల్లో ఒక జోకు. ఆ తక్కువ బరువు పుణ్యమా అని ఒక నక్షత్రం నుంచి ఇంకో నక్షత్రానికి దూకేటప్పుడు ఒక్కో గెంతుకు చాలా దూరం పోతుంది కాబట్టి ఎవరూ గట్టిగా అడగరు, నేనూ అడగను.

ఇక లోపలి చోటు. ఈ ఆట దాన్ని గదుల్లో చూపించదు, అంకెల్లో చూపిస్తుంది. ఓడలో అరలుంటాయి, ఒక్కో అరకు ఒక సైజు. 6వ సైజు అరలో సరుకు ర్యాక్ పెడితే 64 టన్నులు పడుతుంది. టీ పొడి అయినా బంగారం అయినా టన్నుకు ఒక డబ్బా, రెండూ అంతే చోటు తింటాయి. అదే అరలో ఎకానమీ క్యాబిన్ బిగిస్తే 32 మంది ప్రయాణికులు. బిజినెస్ అయితే 16 మంది, ఫస్ట్ క్లాస్ అయితే 12 మంది, లగ్జరీ అయితే 8 మంది. ఎకానమీలో ఒక మనిషి రెండు టన్నుల టీ పొడి పెట్టే చోటులో కూర్చుంటాడు. ఈ లెక్క నాకు మొదట్లో సరదాగా అనిపించింది. బెలూగా లైనర్ అనే 209 మీటర్ల ప్రయాణికుల ఓడ కొని లగ్జరీ క్యాబిన్లు బిగించాక సరదా తగ్గింది. ఎనిమిది మంది వీఐపీలు నా వెనక ఎక్కడో ఉన్నారు. వాళ్ల అలకలూ కోరికలూ మెసేజ్‌లుగా వస్తాయి. వాళ్ల గది ఎలా ఉందో, పరుపు ఏ రంగో ఓడ యజమానినైన నాకు తెలియదు. టూరిస్టు బస్సు డ్రైవరే నాకన్నా నయం, అద్దంలోనైనా చూసుకుంటాడు.

కళ్లారా చూడగలిగేది కాక్‌పిట్ ఒక్కటే. అది మాత్రం ఈ ఆటలో చేతిపనికి తార్కాణం. మా బావమరిది కళ్లకు తొడుక్కునే వీఆర్ హెడ్‌సెట్ రెండు వారాలు నా దగ్గర ఉంచినప్పుడు తెలిసింది. మామూలు మానిటర్ మీద అనకొండ బ్రిడ్జ్, అంటే ఓడ నడిపే గది, ఒక బొమ్మ. హెడ్‌సెట్ పెట్టుకుంటే అది పెళ్లి హాలు. పైకప్పు ఎక్కడో ఉంది, పక్క కుర్చీ చెయ్యి చాపితే అందదు. కుర్చీలోంచి లేచి రెండడుగులు వేసి వెనక తలుపు వైపు చూశాను. మూడో అడుగుకు మోకాలు మంచం కోడుకు తగిలింది. మంచం అడ్డం లేకపోయినా లాభం లేదు, ఆ తలుపు తెరుచుకోదు.

ఆ హాల్లో కుర్చీలు ఎన్నో తెలుసా? స్నేహితులు కూడా మన ఓడ ఎక్కి ఆడే మల్టీక్రూలో అనకొండకు నాతో కలిపి ముగ్గురు. మెల్‌బోర్న్‌లో ఉండే నా చిన్ననాటి స్నేహితుడు ఒకరోజు వచ్చి పక్కన కూర్చున్నాడు. పది నిమిషాలు ఆ వైపూ ఈ వైపూ చూసి, "మామా, 152 మీటర్ల ఓడలో ముగ్గురేంట్రా, మిగతాదంతా గోడౌనా?" అన్నాడు. అవును మామా, గోడౌనే.

ఒడిస్సీలో దిగేటప్పుడు కూడా ఓడ లోపలి భాగం కనపడదు. బటన్ నొక్కితే తెర ఒక క్షణం నల్లబడుతుంది, తెరుచుకునేసరికి మనం నేల మీద ఉంటాం. ఎక్కేటప్పుడూ అంతే. లోపల నడవనివ్వాలని అడిగేవాళ్లలో చాలాకాలం నేనూ ఒకణ్ణి. ఇప్పుడు అంత పట్టు లేదు. 192 మీటర్ల కట్టర్ అనే ఓడలో కాక్‌పిట్ నుంచి తోక దాకా రోజూ నడవమంటే మూడో రోజుకే విసుగొస్తుందని నాకూ తెలుసు. మిగతా ఓడలను మోసే ఫ్లీట్ క్యారియర్ ఒకటి స్నేహితుడికి ఉంది, అందులో చూశాను కదా. 500 కోట్ల క్రెడిట్లు, 25 వేల టన్నుల సరుకు, 16 ప్యాడ్లు. 2022 నుంచి అందులో నడవొచ్చు. మొదటి రోజు బార్ దగ్గర నిలబడి ఫొటోలు తీసుకున్నాం, బ్రిడ్జ్ మీద క్యారియర్ దూకుతుంటే కిటికీ దగ్గర నోరెళ్లబెట్టాం. రెండో వారం నుంచి నేరుగా మెనూలోనే పని కానిచ్చేశాం. అయినా ఒక్క గది, ఒక్క నడవా ఇచ్చి ఉంటే బాగుండేదన్న కోరిక మాత్రం పోలేదు.

లోపల నడవడమే మీకు ముఖ్యమైతే దీనికన్నా స్టార్ సిటిజన్ అనే ఆట నయం, లిఫ్టులూ పడకలూ అన్నీ ఉంటాయి. నో మ్యాన్స్ స్కై అనే ఇంకో ఆటలో 2025లో కార్వెట్లు అనే ఓడలు వచ్చాయి, లోపలి గదులు మనమే కట్టుకోవచ్చు. కానీ అంత బరువైన దాన్ని నేనే నడుపుతున్నానన్న అనుభూతి ఎలీట్‌లో దొరికినట్టు నాకు వాటిల్లో దొరకలేదు. ఎలీట్‌లో టైప్-9 అనే సరుకు ఓడ ఒకటుంది, 117 మీటర్ల పొడవు, 115 మీటర్ల వెడల్పు, ఇంచుమించు చదరం. ఆడేవాళ్లు దాన్ని ముద్దుగా అంతరిక్షపు ఆవు అంటారు. షీల్డు తీసేస్తే 790 టన్నులు మోస్తుంది. నిండుగా నింపి తిప్పితే, స్టిక్ తోసిన తర్వాత అది ఆలోచించుకుని, ఒప్పుకుని, అప్పుడు తిరుగుతుంది. చెరువులోంచి బర్రెను బయటికి తోలినట్టే. ఒక్క గది చూపించకుండా ఇంత పెద్దతనం చేతికి తెలిసేలా చేయడం చిన్న పని కాదు.

ఈమధ్య నేను నడిపేది ఆస్ప్ ఎక్స్‌ప్లోరర్. 56 మీటర్లు, ధర 66 లక్షలు, అంటే అనకొండ ఒక్కసారి పోతే కట్టే డబ్బుకన్నా తక్కువ. కాళ్ల కింద కూడా అద్దం ఉంటుంది, గ్రహం మీద దిగుతుంటే నేల పాదాల కిందికి వస్తుంది. అనకొండకు చదునైన నేల దొరకని రాళ్ల మధ్య కూడా ఇది దిగుతుంది. కొత్తగా కొనేవాళ్లు ఒడిస్సీతో కలిపి, సేల్‌లో కొనండి. అనకొండ హ్యాంగర్‌లో ఉంది. నెలకోసారి వెళ్లి దాని కింద ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి వస్తుంటాను, రెండు నిమిషాల పైనే పడుతుంది. పోయినసారి అలా నడుస్తుంటే అమ్మ వెనక నుంచి చూసి, "ఇంకా లోపలికి రానియ్యట్లేదా నిన్ను?" అని టీ పెట్టి వెళ్లింది.