జాగ్రత్త: పీక్ కిలోవాట్లు చూసి కారు మోటర్ కొనకండి, ఉన్న గేర్‌బాక్స్ తీసేయకండి

పాత మారుతీ 800ని కరెంటు బండిగా మార్చుకోవాలనుకుంటున్నవాళ్లు మోటర్‌కి అడ్వాన్స్ ఇచ్చేముందు ఇది చదవండి. నాకు లక్షా పది వేలు పోయాయి. డబ్బు సంగతి అలా ఉంచితే, అమ్మానాన్నలు వెనక సీట్లో ఉండగా బండి సింహాచలం ఘాట్ రోడ్డు మధ్యలో ఆగిపోయింది. ఆ భయం ఇంకా పోలేదు.

అమ్మినాయన "15 కిలోవాట్ల మోటరండి" అన్నాడు. బిల్లు మీదా అదే రాశాడు. పాత ఇంజన్ 37 హార్స్ పవర్, అంటే దాదాపు 27 కిలోవాట్లు. ఊళ్లో తిరగడానికి 15 సరిపోతాయిలే అనుకున్నాను. "గేర్‌బాక్స్ కూడా తీసేద్దాం సార్, బరువు తగ్గుతుంది. ఈ మోటర్‌కి సున్నా నుంచే ఫుల్ టార్క్, అంటే తిప్పే బలం" అని, దాని స్థానంలో 6కి 1 నిష్పత్తి ఉన్న రిడక్షన్ బాక్స్ (మార్చడానికి వీల్లేని ఒకే గేరు; మోటర్ ఆరు చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు) పెట్టించాడు. ట్రయల్ గాజువాక వైపు చదును రోడ్డు మీద. యాభైలో చప్పుడు లేకుండా పోయింది. పోతుంది మరి! చదును మీద ఇంత చిన్న కారుకి ఆ వేగంలో మూడు నాలుగు కిలోవాట్లు చాలు. ఆ ట్రయల్ చూసి డబ్బు కట్టేశాను.

ఓ శనివారం అప్పన్న దర్శనానికి బయల్దేరాం. కొండ ఎక్కడం మొదలుపెట్టిన కాసేపటికే వార్నిష్ కాలిన వాసన. ఇంకో మలుపు తిరిగేసరికి బండి ఆగి వెనక్కి జారబోయింది. హ్యాండ్‌బ్రేక్ లాగి పట్టుకుంటే మా ఆవిడ దిగి టైరు కింద రాయి పెట్టింది.

మోటర్లకు రాగి తీగ చుట్టే వైండింగ్ షాపులో దాన్ని విప్పించాం. అమ్మినాయన అంటించిన స్టిక్కర్ కింద కంపెనీ ప్లేటు ఉంది: ఎస్1 డ్యూటీ, 5 కిలోవాట్లు, 3000 ఆర్‌పీఎం. ఎస్1 అంటే ఆపకుండా నడిచినా తట్టుకునే లోడు. ఆయన చెప్పిన 15 కాసేపు మాత్రమే లాగగలిగే పీక్. ఘాట్ రోడ్డు కాసేపట్లో అయిపోదు కదా.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. కొనే ముందు వేయాల్సింది. బ్యాటరీలు, నలుగురు మనుషులు కలిపి బండి బరువు 1050 కిలోలు. రోడ్డు వంద మీటర్లకు పది మీటర్లు పైకి లేస్తుందనుకుంటే చక్రాల దగ్గర దాదాపు 300 న్యూటన్ మీటర్ల టార్క్ కావాలి. 6కి 1 నిష్పత్తితో మోటర్ మీద పడేది 50. మోటర్ ఆపకుండా ఇవ్వగలిగింది 16. మూడు రెట్లు లాగితే కరెంటు మూడు రెట్లు, వైండింగులో వేడి తొమ్మిది రెట్లు. కాలక ఏం చేస్తుంది?

ఇంకో సంగతి తెలిశాక మనసు చివుక్కుమంది. మారుతీ నాలుగు గేర్ల బాక్సులో థర్డ్ గేర్ నిష్పత్తిని, దాని తర్వాత చక్రాల దగ్గరుండే ఫైనల్ డ్రైవ్ గేరు నిష్పత్తితో గుణిస్తే వచ్చేది 5.8. అంటే నేను డబ్బు పోసి కొన్న రిడక్షన్ బాక్స్, బండిని ఎప్పటికీ థర్డ్ గేర్లో బిగించేసినట్టే. నా పాత బాక్సులో ఫస్ట్ గేర్‌కి అదే లెక్క వేస్తే దాదాపు 15.6. అదే ఉంటే మోటర్ మీద పడేది 19 న్యూటన్ మీటర్లు. 15 కిలోమీటర్ల వేగంతో, ఆగి ఆగి అయినా, కొండెక్కేవాళ్లం. అయితే గేరు టార్క్ పెంచుతుంది గానీ పవర్ పెంచదు. అదే ఎత్తు 30 వేగంతో ఎక్కాలంటే ఆపకుండా 10 కిలోవాట్లు ఇచ్చే మోటర్ ఉండాల్సిందే.

మోటర్ లోపల వేడి తెలిపే సెన్సర్ వైరు కూడా, మోటర్‌కి కరెంటు అందించే కంట్రోలర్‌కి కలపలేదు. అడిగితే "అవసరం లేదండి" అన్నాడు. అది కలిపి ఉంటే కంట్రోలరే కరెంటు తగ్గించేది. వైండింగ్ మళ్లీ చుట్టించుకోవచ్చు గానీ, నియోడిమియం మ్యాగ్నెట్ వేడికి ఒకసారి బలం కోల్పోతే చల్లారాక తిరిగి రాదు. నా మోటర్ ఇప్పుడు రీవైండ్ అయింది, లాగుడు మాత్రం మునుపటిలా లేదు.

కొనేముందు ప్లేటు ఫోటో అడగండి, స్టిక్కర్ కాదు. ఎస్1 కిలోవాట్లు, ఆర్‌పీఎం, ఇన్సులేషన్ క్లాస్ బిల్లు మీద రాయించుకోండి. ఆ క్లాస్ వైండింగ్ పూత ఎంత వేడి తట్టుకుంటుందో చెబుతుంది: ఎఫ్ అంటే 155 డిగ్రీలు, హెచ్ అంటే 180. ట్రయల్ కొండ మీదే కావాలనండి, ఒప్పుకోకపోతే వెనక్కి వచ్చేయండి. బ్రేక్ పెడల్ తేలిగ్గా దిగేలా ఇంజన్ వాక్యూమ్‌తో సాయపడే బ్రేక్ బూస్టర్ ఉన్న బండైతే ఇంజన్ తీసేశాక దానికి వాక్యూమ్ ఉండదు, పెడల్ రాయిలా అయిపోతుంది. కరెంటు వాక్యూమ్ పంపు పెట్టించకుండా బండి కదపకండి.

కిట్‌కి ఏఐఎస్-123 మూడో భాగం (బండిని పూర్తి కరెంటు బండిగా మార్చే కిట్లకు మన దేశ ప్రమాణం) కింద అప్రూవల్ ఉందా, ఆర్‌సీలో మార్పు ఎవరు చేయిస్తారు అన్నది కూడా ముందే తేల్చుకోండి. నాకు "సర్టిఫికెట్ వచ్చేస్తుందండి" అన్నాడు, ఇప్పటికీ రాలేదు. ఆ కాగితం లేకుండానే ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని కొండకు బయల్దేరడం నా తప్పే. ప్రస్తుతం బండి షెడ్డులో ఉంది. పాత గేర్‌బాక్స్ తుక్కుకి వేయకుండా ఉంచినందుకు దాన్నే మళ్లీ ఎక్కిస్తున్నాం, మోటర్‌ని దానికి బిగించే అడాప్టర్ ప్లేటు లేత్ మీద ఉంది.