నైట్రోజన్ క్యాన్ కొనేవాళ్లకి: 35 లీటర్లది, 3 లీటర్లది ఏళ్ల తరబడి వాడాక

ఒంగోలు దగ్గర గోపాలమిత్రగా, అంటే ఊళ్లు తిరిగి పశువులకి కృత్రిమ గర్భధారణ చేసే పనిలో ఉన్నా, టంగుటూరు, కొండపి వైపు తిరుగుడెక్కువ. పశువుల వీర్యం నింపిన సన్నటి గొట్టాలు (స్ట్రాలు) దాచటానికి ఇంట్లో 35 లీటర్ల క్యాన్, బండి మీదకి 3 లీటర్లది, రెండూ చాన్నాళ్ల నుంచి నా దగ్గరే ఉన్నయ్. కొత్తోళ్లు ఫోన్ చేసి ఏ కంపెనీది తీసుకోమంటావన్నా అంటారు, నేను మాత్రం ముందు మెడ చూడమంటా.

లోపల ఉండేది మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్. రెండు పాత్రల మధ్య గాలి లేకుండా లాగేసి ఉంటది, లోపలి పాత్ర బరువు ఎక్కువగా ఆ సన్నటి మెడ మీదే వేలాడతా ఉంటది, అందుకే గుంతల రోడ్డులో బండి ఎగిరి పడ్డప్పుడల్లా దెబ్బ దానికే తగిలిద్ది. నేను కింద మందంగా స్పాంజి వేసి నిలువుగా బెల్టుతో కడతా, పడుకోబెట్టి తీసుకుపోవటం అసలు చెయ్యను. వెడల్పు మెడదైతే క్యానిస్టర్ (స్ట్రాలు పెట్టి లోపలికి దించే డబ్బా) తీయటం సులువే గానీ ద్రవం తొందరగా ఆవిరైపోద్ది. కాగితం మీద ఇన్ని రోజులు నిలబడిద్దని రాస్తారు చూడండి, అది మూత తీయకుండా ఒకచోట పెడితే వచ్చే లెక్క, మన రోహిణి ఎండల్లో రోజూ పదిసార్లు తీస్తా ఉంటే అంత రాదు.

కొన్నాక చెయ్యాల్సిన పని తూకం. ఫుల్లుగా నింపి, చల్లబడి కుదురుకున్నాక ఒకసారి, మర్నాడు ఒకసారి తూచండి, లీటరు ద్రవం సుమారు 800 గ్రాములు కాబట్టి తగ్గిన గ్రాముల్ని బట్టి ఎంత పోయిందో ఇట్టే తెలిసిద్ది. పక్క మండలం మిత్రుడొకాయన చవగ్గా వచ్చిందని ఒకటి కొన్నాడు, కొన్నాళ్లకే బయట చెమట పట్టటం, మెడ చుట్టూ తెల్లగా మంచు, అంటే వాక్యూమ్ పోయినట్టే. ఆయన చూసుకునేసరికి ద్రవం అడుగంటింది. స్ట్రాలు చూడ్డానికి మామూలుగానే ఉంటయ్, మళ్లీ నైట్రోజన్ పోసినా చచ్చిన కణాలు లేచి రావు, రైతులేమో గేదె చూలు నిలవక మళ్లీ ఎదకొచ్చిందయ్యా డాక్టరూ అని ఈయన్ని పట్టుకుంటారు.

క్యాన్ బాగున్నా చెయ్యి తొందరగా ఆడకపోతే నష్టమే. క్యానిస్టర్‌ని మెడ దాటి పైకి లాగొద్దు, మెడలోనే ఉంచి పట్టకారుతో స్ట్రా తీసి వెంటనే దించేయాలి, తీసిన స్ట్రాని 37 డిగ్రీల నీళ్లలో 30 సెకన్లు. ద్రవం ఎంతుందో చూడ్డానికి చెక్క స్కేలు ముంచి తీసి గాల్లో ఆడిస్తే మంచు గీత పడిద్ది, బోలు పైపు మాత్రం పెట్టొద్దు, పైకి చిమ్మిద్ది.

ఇక ప్రాణం సంగతి. మూత వదులుగా ఉందేందని గుడ్డ చుట్టి బిగించేవాళ్లని చూశా, దణ్ణం పెడతా ఆ పని చెయ్యొద్దు. ఒక లీటరు ద్రవం ఆవిరైతే దాదాపు 700 లీటర్ల గ్యాసవుద్ది, బయటికి దారి లేకపోతే క్యానే పేలిద్ది. కిటికీ లేని గదిలో పెట్టొద్దు, అద్దాలెత్తిన కారులో అసలొద్దు, వాసన ఉండదు, ఉక్కిరిబిక్కిరి కూడా అనిపించదు, గాల్లో ఆక్సిజన్ తగ్గిపోయి మనిషి ఉన్నట్టుండి పడిపోతాడు. పోసేటప్పుడు కళ్లద్దాలు, వదులుగా ఉండే పొడి గ్లోవ్స్, ప్యాంటు బూట్ల మీదకి. తడి గ్లోవ్స్ అయితే చర్మానికి అతుక్కుపోతయ్. ఖాళీగా ఉన్న క్యాన్‌లో కొంచెం పోసి, చల్లబడ్డాక మిగతాది పోయాలి, ఒకేసారి గుమ్మరిస్తే మొహం మీదకొచ్చిద్ది.

మూత పాడైతే ఆ మోడల్‌దే కొనండి, థర్మోకోల్ ముక్క చెక్కి పెట్టుకోవద్దు. రెండూ ఒకేసారి కొనే స్తోమత లేకపోతే ముందు 3 లీటర్లది తీసుకుని నైట్రోజన్ పోసే రోజు తప్పకుండా పోయి నింపుకోండి, మీరు చూసే పశువుల సంఖ్య పెరిగాక పెద్దది చూసుకోవచ్చు.