వ్యాన్ పోర్టు పోయినా నడుస్తున్న రౌటర్

పర్లాకిమిడిలో మా ఇంట్లో ఈ రౌటర్ ఏళ్లుగా నడుస్తోంది. కంపెనీ సాఫ్ట్‌వేర్ తీసేసి, రౌటర్ల కోసం ఉచితంగా దొరికే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే సాఫ్ట్‌వేర్ వేశాను. వైఫై మామూలే, రెండు గోడలు దాటితే నీరసపడుతుంది. దీన్ని ఇంకా వదలకపోవడానికి కారణం వెనకున్న పోర్టులు.

చాలా రౌటర్లలో రంగు వేరుగా ఉన్నది వ్యాన్, అంటే బయటి నెట్ వచ్చే పోర్టు; తక్కినవి ల్యాన్, ఇంట్లో కంప్యూటర్లకు. చాలా మోడళ్లలో ఈ తేడా సాఫ్ట్‌వేర్ పెట్టిందే, లోపల అన్నీ ఒకే స్విచ్ చిప్‌కి తగిలి ఉంటాయి. అయినా మార్చుకునే వీలు కంపెనీ మెనూలో అరుదు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో 2021 నాటి 21.02 వెర్షన్ నుంచి చాలా రౌటర్లలో ఒక్కో పోర్టూ పేరుతో విడిగా కనిపిస్తుంది.

అది ఎంత పనికొస్తుందో ఒక ఎండాకాలం గాలివానలో తెలిసింది. అప్పట్లో మా నెట్ స్తంభాల మీదుగా రాగి కేబుల్‌లో వచ్చేది. దగ్గర్లో పిడుగు పడింది, వ్యాన్ లైటు ఆరిపోయింది, మళ్లీ వెలగలేదు. ల్యాన్ లైట్లు మాత్రం బాగానే ఉన్నాయి. ల్యాన్ పోర్టులన్నిటినీ కలిపే బ్రిడ్జి సెట్టింగులో ల్యాన్4 పక్కన టిక్ తీసేసి, వ్యాన్‌కి డివైస్‌గా దాన్నే చూపించాను. కేబుల్ అందులో గుచ్చగానే నెట్ వచ్చేసింది. ఇప్పటికీ అదే ఏర్పాటు.

ఫైబర్ వేయించాక ఇంకో పేచీ. ఫైబర్ డబ్బా అడ్రసు 192.168.1.1, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ రౌటర్‌కి మొదట ఇచ్చేదీ అదే. రెండు వైపులా ఒకే నెట్‌వర్క్ ఉంటే రౌటర్‌కి దారి తెలియదు. ‘రౌటర్ పోయింది సార్, కొత్తది కొనండి’ అన్నాడు వైరు లాగిన అబ్బాయి. ల్యాన్ అడ్రసు 192.168.10.1 చేస్తే సరిపోయింది. ఇలాంటిది రౌటరే పసిగట్టి తనంతట తానే మార్చుకోవాలి, ఇందులో ఆ తెలివి లేదు.

బయటినుంచి వచ్చే కనెక్షన్లను ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మొదటినుంచే ఆపేస్తుంది. అడక్కుండా పోర్టులు (ఇవి వెనకున్న సాకెట్లు కావు, బయటి కనెక్షన్లు లోపలికి వచ్చే నంబర్ల దారులు) తెరిచే యూపీఎన్‌పీ అనే సదుపాయం కావాలంటే మనమే విడిగా వేసుకోవాలి. అలాగే ఉండాలి కూడా. సీసీ కెమెరాల కుర్రాడు డీవీఆర్ (కెమెరా రికార్డింగులు దాచే పెట్టె) కోసం అలాంటి పోర్టు తెరవమని పట్టుబట్టాడు. ఫైబర్ డబ్బా స్టేటస్ పేజీలో చూస్తే నెట్ కంపెనీ ఇచ్చిన అడ్రసు 100.70తో మొదలైంది. 100.64 నుంచి 100.127 వరకు కనిపిస్తే నెట్ కంపెనీ ఒకే పబ్లిక్ అడ్రసును చాలామందికి పంచుతున్నట్టే, మనం పోర్టు తెరిచినా బయటివాళ్లకు అందదు. అతని టెన్షన్ అక్కడితో తీరింది.

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేద్దామని రౌటర్ కొనేవాళ్లు దాని అడుగు స్టిక్కర్ మీద హార్డ్‌వేర్ వెర్షన్ చూడండి. ఒకే మోడల్ పేరుతో వి1లో ఒక చిప్, వి2లో ఇంకోటి ఉండొచ్చు.